కెమేరా కనబడలేదన్నప్పుడు

పోయిన నెల యీ శీర్షిక క్రింద కుళాయి వాషరు మార్చుకొనే సంగతి వ్రాశాము. అది చదివిన ఒక సోదరి సంఘం సమావేశంలో మమ్మల్ని నిలబెట్టి, "మీరింకా కుళాయిల దగ్గరే వున్నారు. మా పిల్లవాడు బల్ల నిండా తీగలు పరుచుకొని కూర్చుంటాడు. ఏదో పనిచేయలేదంటాడు, మళ్ళీ డబ్బు అడుగుతాడు. అది ఇవ్వవలసిందో కాదో మాకు తెలియదు. దాన్ని గురించి వ్రాయరాదా?" అని అడిగారు. ఆమె అడిగిన వారానికే మా ఇంట్లో సరిగ్గా అటువంటి సంగతే జరిగింది. జరిగింది జరిగినట్టు వ్రాస్తున్నాము. ఇందులో మేము గొప్పగా చెప్పుకోదగిన భాగం ఏమీ లేదని ముందే మనవి చేసుకొంటున్నాము.

మా ఇల్లు బెంగుళూరు పాతపేటలో ఒక సందులో వున్నది. మా ముత్తాతగారి నాటినుంచీ వీథిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మా అమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. మేము ఆఫీసుకు, మా శ్రీమతి బడికి, పిల్లవాడు డిప్లొమా కాలేజీకి వెళ్ళిపోతే పగలంతా ఆమె ఒక్కతే. గేటు తీయాలంటే నాలుగు మెట్లు దిగి, ఇరుకు నడవ దాటి పోవాలి. మొన్న కార్తీకమాసంలో గంట మోగిందని తొందరగా దిగబోయి, జారిపడి మణికట్టు విరగ్గొట్టుకొన్నది. ఆరు వారాలు కట్టు. వచ్చినది ఎవరయ్యా అంటే ఇల్లు తప్పి వచ్చిన ఎవరో కుర్రవాడు.

మా అబ్బాయి అప్పుడే అనుకొన్నాడట, అవ్వ కూర్చున్న చోటు నుంచే గేటు దగ్గర ఎవరున్నారో చూడాలని. ఎస్.పి. రోడ్డుకు పోయి ఒక చిన్న బోర్డు తెచ్చాడు. పేరు ఈఎస్‌పీ 32 క్యామ్. వెడల్పు 27 మిల్లీమీటర్లు, పొడుగు 40.5 మిల్లీమీటర్లు, అగ్గిపెట్టెకంటె చిన్నది. షాంఘైలోని ఎస్ప్రెసిఫ్ కంపెనీ 2016లో విడుదల చేసిన ఈఎస్‌పీ 32 అనే చిప్పు దానికి బుర్ర. వైఫై అందులోనే వున్నది. కన్ను వేరే, ఓవీ 2640 అనే కెమేరా, శెనగగింజంత అద్దం. అడ్డంగా 1600, నిలువుగా 1200 చుక్కలు, అంటే 19 లక్షల 20 వేల చుక్కలతో బొమ్మ తీయగలదు. ఆ కన్నుకూ బుర్రకూ మధ్య రిబ్బను వంటి పలుచని పట్టీ. ఆ పట్టీలో 24 తీగలు. ఈ పట్టీని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి.

ఇదంతా ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి గేటు పైకమ్మీకి బిగించి, మా పాత టాబ్లెట్‌లో గేటు కనబడేటట్లు చేశాడు. పది రోజులు చక్కగా నడిచింది. పాలవాడు, పూలమ్మి, గ్యాసు సిలిండరు అబ్బాయి, అందరూ మా అమ్మకు కుర్చీలోంచే దర్శనం. "ఒరే, పూలమ్మి యీ రోజు కొత్తచీర కట్టిందిరా" అని సాయంత్రం మాకు సమాచారం చెప్పేది. అదంతా చూసి సంతోషించాము కాని పిల్లవాడితో పైకి ఒక్క మాటా అనలేదు. తండ్రులకు అదొక జబ్బు.

ఉగాదికి ముందు శనివారం ఇల్లు దులిపాము. ఆదివారం ఉదయం టాబ్లెట్‌లో గేటు లేదు. పిల్లవాడు డబ్బీ విప్పి, బోర్డును కంప్యూటరుకు తగిలించి చూస్తే తెరమీద ఒక వాక్యం పడింది. కెమేరా ప్రోబ్ ఫెయిల్డ్, అంటే కెమేరాను వెదికితే దొరకలేదని. పక్కన సున్నా, ఎక్స్ అనే అక్షరం, తరువాత 105.

మేము కాఫీ గ్లాసుతో వెనుక నిలబడి, "పదిరోజుల ముచ్చట! ఏడెనిమిది వందలు గేటుకు కట్టి పారేశావు. ఏదైనా ఒకటి సరిగా చేసిన రోజున్నదా?" అన్నాము. వాడు తల ఎత్తలేదు. మధ్యాహ్నం బోర్డు పట్టుకొని కొన్నచోటికే పోయాము. అంగడిలో కుర్రవాడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "క్యామెరా హోగిదె సార్, హొసదు తొగొళ్ళి" అన్నాడు. పోయింది, కొత్తది కొనుక్కోండి అని. తగిలించి చూడలేదు. మేము కొనలేదు, జ్ఞానంతో కాదు, పండుగ ఖర్చుల మూలంగా.

సోమవారం సాయంత్రం ఇంటికి వచ్చేటప్పటికి మా అమ్మ మూడో మెట్టు మీద కూర్చుని వున్నది. గంట మోగిందట, దిగిందట, మోకాలు పట్టేసిందట. ఎంతసేపటినుంచి కూర్చున్నదో చెప్పలేదు. "వాడి కన్ను పోయింది కదరా, నా కన్నుతోనే చూద్దామని వచ్చాను" అన్నది. పడలేదు, దేవుడి దయ. ఆ రాత్రి మేమే పిల్లవాడి గది తలుపు తట్టి, "ఆ వాక్యం మళ్ళీ ఒకసారి చూపించరా" అన్నాము.

మేము ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ఆపినవాళ్ళం. కాని ఇరవై ఏళ్ళకు పైగా టపాలు నమోదు చేసే బల్ల దగ్గర కూర్చున్నాము. "దొరకలేదు" అన్న ముద్రతో తిరిగి వచ్చిన కవర్లు ఎన్నో చూశాము. అంతమాత్రాన ఆ మనిషి పోయాడని ఫైలు మూసేయము. అడ్రసు తప్పు వ్రాసి వుండవచ్చు. గేటుకు తాళం వుండవచ్చు. మనిషి నిద్రలో వుండవచ్చు. మా అబ్బాయి 105కు అర్థం చెబుతూ, "వెదికితే దొరకలేదని మాత్రమే నాన్నా, చెడిపోయిందని అందులో లేదు" అన్నాడు. మాకు అక్కడ తల దించుకోవలసి వచ్చింది. చెడిపోయిందని చెప్పినది మేమూ, అంగడి కుర్రవాడూ, యంత్రం కాదు.

బోర్డు కెమేరాను ఎలా వెదుకుతుందో వాడు మాకు చెప్పిన క్రమం ఇది. మొదట కెమేరాను నిద్ర లేపుతుంది. దానికొక తీగ వున్నది, బోర్డులో దాని నంబరు 32. దానితో బాటు కెమేరాకు తాళం వేస్తుంది. తాళం అంటే మన భజన తాళం వంటిదే, సెకనుకు రెండు కోట్ల దెబ్బలు. అది నంబరు 0 తీగ మీద పోతుంది. ఈ తాళం అందకపోతే కెమేరా పలకదు. ఆ తరువాత 26, 27 నంబర్ల తీగల మీద, తలుపు నంబరు చెప్పి పిలుస్తుంది. ఓవీ 2640 తలుపు నంబరు 48. అది ఉన్నానంటే, నీ రకం ఏమిటని అడుగుతుంది. చెప్పిన రకం తన జాబితాలో వుంటే అప్పుడు బొమ్మల పని మొదలవుతుంది. బొమ్మ వచ్చే తీగలు వేరు, అవి ఎనిమిది.

ఇందులోనుంచి మాకొక సంగతి తెలిసింది. పిలిచినప్పుడు పలకటానికి, అద్దంలోంచి చూడటానికి సంబంధం లేదు. అద్దం మీద దుమ్ము వున్నా, చీకటిగా వున్నా, మూత పెట్టినా, కెమేరా పలుకుతుంది. బొమ్మ మాత్రం బాగుండదు. కనుక "దొరకలేదు" అన్నప్పుడు అద్దం తుడిచి లాభం లేదు. ఈ మాట వినగానే మా గుండె ఒకసారి ఆగినట్టయింది. ఎందుకో చివర చెబుతాము.

ఒక పాత నోటుపుస్తకం తీసి తేదీ వేసి, తండ్రీ కొడుకులం ఒక నియమం పెట్టుకొన్నాము. ఒకసారి ఒక్కటే మార్చాలి. మార్చింది, తెర మీద వచ్చింది వెంటనే వ్రాయాలి. వాడికి ఉన్న దురలవాటు ఏమంటే, తొందరలో నాలుగు మార్చి, బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియకుండా వుండటం. మాకున్న దురలవాటు పైన చెప్పాము.

మొదటిది, సరఫరా. ఆదివారం నుంచి తెర మీద 105తో బాటు ఇంకొక మాట కూడా అప్పుడప్పుడు వస్తున్నది: బ్రౌన్‌అవుట్. కరెంటు బలం తగ్గి బోర్డు మళ్ళీ మళ్ళీ మొదటినుంచి లేస్తున్నదని దాని అర్థం. గేటు దగ్గర వున్నప్పుడు 5 వోల్టుల ఫోను చార్జరు మీద నడిచేది. బల్ల మీదకు తెచ్చాక పిల్లవాడు, కంప్యూటరుకు తగిలించే చిన్న అడాప్టరులోని 3.3 వోల్టుల పిన్ను నుంచే కరెంటు తీసుకొన్నాడు. అటువంటి అడాప్టర్లలో వాడుకలో వున్న ఎఫ్‌టీ 232 చిప్పు తన 3.3 వోల్టుల పిన్నుమీద ఇవ్వగలిగింది 50 మిల్లీ ఆంపియర్లే. వైఫై మొదలైన క్షణంలో యీ బోర్డు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. చెంబునీళ్ళతో పెళ్ళి వంట. చార్జరునే మళ్ళీ తెచ్చి 5 వోల్టుల పిన్నుకు కలిపి, నేల తీగను మాత్రం అడాప్టరుతో ఉమ్మడిగా వుంచాము. బ్రౌన్‌అవుట్ మాట పోయింది. 105 పోలేదు. వ్రాసుకొన్నాము. ఒక జబ్బులో రెండో జబ్బు కలిసి వున్నదని, రెండోది మేమే తెచ్చిపెట్టుకొన్నామని అప్పుడు తెలిసింది.

రెండవది, 0 నంబరు పిన్ను. బోర్డులోకి ప్రోగ్రాము ఎక్కించేటప్పుడు యీ పిన్నును నేల తీగకు కలపాలి. ఎక్కించాక ఆ కలిపిన తీగ తీసేసి, రీసెట్ బొత్తాము నొక్కాలి. మరచిపోతే ప్రోగ్రాము మొదలే కాదు. ప్రోగ్రాము కోసం కాచుకొని వున్నానని తెర మీద చెబుతూ కూర్చుంటుంది. పైగా కెమేరాకు తాళం పోయేది కూడా యీ పిన్ను మీదనే. మాది తీసే వున్నది. వ్రాసుకొన్నాము.

మూడవది, ప్రోగ్రాములో బోర్డు పేరు. కెమేరాతో వచ్చే బోర్డులు చాలా రకాలు, ఒక్కొక్క దానిలో తీగల నంబర్లు ఒక్కొక్క విధం. మామూలుగా పిల్లలు వాడే మాదిరి ప్రోగ్రాములో అన్ని బోర్డుల పేర్లూ వరుసగా వుంటాయి. మనదాని ముందున్న రెండు గీతలు చెరిపి, తక్కినవాటి ముందు వుంచాలి. మాది ఏఐ థింకర్ రకం. వేరే పేరు ఎంచితే బోర్డు తన ఇంట్లో లేని తలుపులు తట్టుతూ వుంటుంది. కెమేరా నిక్షేపంగా వున్నా 105 వస్తుంది. కొత్తగా మొదలుపెట్టే పిల్లలు ఎక్కువగా ఇక్కడనే తప్పుతారట. మాది పది రోజులు నడిచిన ప్రోగ్రాము, అయినా తెరిచి చూశాము. సరిగానే వున్నది.

నాలుగవది, పట్టీ. "కరెంటు తీసేసి మాత్రమే ముట్టుకోవాలి నాన్నా" అని వాడు చార్జరు ఊడదీశాడు. పట్టీ బోర్డులో దూరేచోట గోరంత నల్లని రెప్ప వున్నది. దాన్ని గోటితో మెల్లగా పైకెత్తితే పట్టీ వదులవుతుంది, దించితే బిగుసుకొంటుంది. లాగి తీయకూడదు, ఎత్తి తీయాలి. పట్టీకి లోహం వున్న వైపు ఏదో విప్పకముందే చూసుకోవాలి. తిరగేసి పెడితే పలకదు. దీపం కింద పెట్టి వాడి భూతద్దంతో చూశాము. రెప్ప ఒక పక్క లేచి వున్నది. పట్టీ ఏటవాలుగా, ఒక మూల వెంట్రుకవాసి బయటికి వచ్చి వున్నది.

పిల్లవాడు అద్దం లోంచి కన్ను తీయకుండానే, "ఇది తనంతట తాను లేవదే" అన్నాడు.

మేము ఏమీ మాట్లాడలేదు. వాడు రెప్ప పూర్తిగా ఎత్తి, పట్టీ తీసి, అంచు పొడిగుడ్డతో అద్ది, తిన్నగా చివరంటా దోపి, రెండు మూలలా సమంగా రెప్ప దించాడు. చార్జరు తగిలించాడు. 105 రాలేదు. ఆ స్థానంలో వైఫై కలిసిందన్న మాటా, చూడవలసిన చిరునామా వచ్చాయి. టాబ్లెట్‌లో మా ఇద్దరి మోకాళ్ళూ, బల్ల కాలూ కనబడ్డాయి.

అప్పుడు చెప్పాము. శనివారం దులుపుతూ గేటు దగ్గర డబ్బీ చూస్తే మూతలో సాలెగూడు కనబడింది. స్టూలెక్కి మూత తీసి, కెమేరాను వేలితో పైకి లాగి, తడిగుడ్డ కొసతో అద్దం తుడిచి, మళ్ళీ నొక్కి మూత పెట్టాము. మంచిపనే చేశామనుకొన్నాము. ఆదివారం పిల్లవాడిని ఆ మాటలు అన్నప్పుడు అది మనసుకు రాలేదు. అంగడికి పోయేటప్పుడు ఒక్క క్షణం వచ్చింది, తోసేశాము. అద్దం తుడిస్తే కెమేరా ఎందుకు పోతుందిలే అని మాకు మేమే తీర్పు చెప్పుకొన్నాము. అద్దం తుడిస్తే పోదు, నిజమే. పట్టీ లాగితే పోతుంది. "తప్పు మాదిరా. ఆదివారం అన్న మాటలు కూడా తప్పే" అన్నాము.

వాడు కొంచెంసేపు నోటుపుస్తకం కేసి చూసి, నాలుగవ వరుసకు ఎదురుగా "పట్టీ వదులు" అని మాత్రం వ్రాశాడు. ఎవరివల్ల అన్నది వ్రాయలేదు. మేము చూస్తున్నామని తెలిసి, "అవసరం లేదులే నాన్నా, ఏం చేయాలో తెలిసింది కదా" అన్నాడు. పదిహేడేళ్ళవాడికి వున్న పెద్దరికం మాకు ఆదివారం లేకపోయింది.

సంఘంలో అడిగిన సోదరికి మా జవాబు ఇది. పిల్లవాడు కెమేరా దొరకలేదంటున్నాడని వచ్చి డబ్బు అడిగితే, ఇవ్వకముందు, తిట్టకముందు, తెర మీద వచ్చిన సంఖ్య ఏమిటో అడగండి. 105 అయితే పిలిస్తే పలకలేదని. పాత ప్రోగ్రాములలో దీనికే 20001 అని వస్తుంది. 106 అయితే పలికింది కాని ఆ రకం తన జాబితాలో లేదని. అప్పుడు తీగలు కాదు, కెమేరా రకమూ ప్రోగ్రామూ చూసుకోవాలి. 101 అయితే జ్ఞాపకశక్తి చాలలేదని. బొమ్మ పరిమాణం తగ్గించటమో, బోర్డులో వున్న అదనపు మెమరీని వాడుకొనేటట్లు ప్రోగ్రాములో చెప్పటమో చేయాలి. కెమేరాను నిందించి లాభం లేదు. అన్నీ "కెమేరా ఫెయిల్డ్" అనే మొదలవుతాయి. చివర సంఖ్య చదవనివాళ్ళకు అన్నీ ఒకటే జబ్బు.

105 అయితే సరఫరా, 0 పిన్ను, బోర్డు పేరు, పట్టీ, యీ నాలుగూ వరుసగా చూసుకోవాలి. పైసా ఖర్చు లేదు. నాలుగూ సరిగా వుండి కూడా పలకకపోతే, అటువంటి బోర్డే వున్న స్నేహితుడి ఇంటికి పోయి మార్చి చూడాలి. మన కెమేరా వాళ్ళ బోర్డులో, వాళ్ళ కెమేరా మన బోర్డులో. మన కెమేరా అక్కడా పలకక, వాళ్ళది మన దగ్గర పలికితే మన కెమేరా పోయినట్టు. కన్ను మాత్రం విడిగా కొంటే చాలు. వాళ్ళదీ మన బోర్డులో పలకకపోతే లోపం బోర్డుది. ఆ రోజు సంతోషంగా డబ్బు ఇవ్వండి. వస్తువులు నిజంగా చెడిపోవటమూ వున్నది. చెడిపోయిందని రుజువయ్యాక కొనటం దుబారా కాదు.

మంగళవారం సాయంత్రం డబ్బీ మళ్ళీ గేటెక్కింది. పట్టీ కదలకుండా పిల్లవాడు దాని మీద చిన్న టేపుముక్క అంటించి, మూతకు స్క్రూ బిగించాడు. ప్రోగ్రాములో కూడా ఒక మార్పు చేశాడు. ఇకమీదట కెమేరా పలకకపోతే టాబ్లెట్ ఊరకే తెల్లబోకుండా, పెద్ద అక్షరాలతో తెలుగులో "అవ్వా, కన్ను పలకటం లేదు, దిగవద్దు, నాకు ఫోను చెయ్యి" అని వస్తుంది. మా అమ్మ ఆ వాక్యం ఒకసారి చూపించమని, చదివి, "కన్ను బాగున్నప్పుడు కూడా యిలా ఏదైనా వ్రాసి పెట్టరా, చదువుకొంటాను" అన్నది. వాడు పెట్టాడు. ఏమి వ్రాశాడో మాకు చూపించలేదు.

మా వంతుకు, స్టూలు ఎక్కకముందు పిల్లవాడిని అడగాలని నిర్ణయించుకొన్నాము. సాలెగూడు మళ్ళీ పట్టింది. అడిగాము. "ఆదివారం నేను తుడుస్తాను నాన్నా, మీరు స్టూలు పట్టుకోండి" అన్నాడు.